బలి కాదు, కనికరం: సంఘ నియమాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, నారాయణపేట వైపు సంఘాల్లో ప్రార్థన కూటం ముగిసి చాపలు చుట్టే వేళ ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలివి. వేదిక మీది నుంచి వీటికి జవాబు రావడం తక్కువ. వచ్చినా, ఒక వచనం చెప్పి నోరు మూయించేదిగానే ఉంటుంది. ఇక్కడ రాసింది ఏ మిషనుకూ అధికారిక బోధ కాదు. బాప్టిస్టులు, మెన్నోనైట్ బ్రదరెన్, సీఎస్ఐ, కథోలికులు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు... ఎవరి క్రమం వారిది. వచనాలు మాత్రం అందరి నోటా ఉన్న పాత అనువాదంలోవి.

“కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను” అంటే నియమాలు అక్కరలేదనేనా?

కాదు. యేసు ఆ మాటను హోషేయ గ్రంథం (6:6) నుంచి తీసుకున్నాడు. హోషేయ క్రీస్తుకు ముందు ఎనిమిదో శతాబ్దంలో ఉత్తర ఇశ్రాయేలులో ప్రవచించినవాడు. ఆ రోజుల్లో బలిపీఠాలకు కొదవ లేదు, బలులకూ కొదవ లేదు. లేనిదల్లా సత్యమూ కనికరమూ అని ఆయనే చెబుతాడు. మత్తయి సువార్తలో యేసు ఈ వాక్యాన్ని రెండుసార్లు ఎత్తాడు. సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) ఇంట్లో భోజనానికి కూర్చున్నందుకు తనను తప్పు పట్టినప్పుడు ఒకసారి (9:13), ఆకలిగొన్న శిష్యులు విశ్రాంతి దినాన వెన్నులు తుంచి తిన్నందుకు తప్పు పట్టినప్పుడు ఇంకోసారి (12:7). రెండో చోట మరో మాట చేర్చాడు: ఈ వాక్యభావం తెలిసి ఉంటే మీరు నిర్దోషులను దోషులని తీర్పు తీర్చి ఉండేవారు కాదు. అక్కడ ఆగి చూడాలి. కనికరం లేకపోతే మనిషి కఠినుడవుతాడని మాత్రమే ఆయన అనలేదు, తీర్పే తప్పుతుందన్నాడు.

అదే యేసు పుదీనా, సోపు, జీలకర్రలో సైతం పదో వంతు లెక్కగట్టి ఇచ్చేవారితో “వాటిని మానక వీటిని చేయవలసియుండెను” అన్నాడు (మత్తయి 23:23). నియమం పోలేదు. న్యాయం, కనికరం, విశ్వాసం దాని కంటే ముందుకు వచ్చాయి. ఆ అధ్యాయంలోనే నాలుగో వచనంలో, మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెట్టి, తాము మాత్రం వేలితోనైనా వాటిని కదపని వారి సంగతి చెప్పాడు. మన సంఘంలోని ఏ నియమాన్నైనా ఆ వచనం పక్కన పెట్టి చూడండి. దీని బరువు ఎవరి భుజం మీద పడుతోంది? నియమం పెట్టినవారి మీదనా, కూలికి వెళ్లే మనిషి మీదనా? కింది జవాబులన్నీ ఆ ప్రశ్నతోనే మొదలవుతాయి.

ఆదివారం పత్తి ఏరడానికి, వడ్ల కుప్ప దగ్గర కాపలాకు వెళ్తే పాపమా?

ఈ జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. అడిగేవారు ఎక్కువగా ఆడకూలీలు. పత్తి పగిలాక వాన పడితే దూది నల్లబడుతుంది, ధర పడిపోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వడ్లు కోసి కొనుగోలు కేంద్రంలో పోస్తే, తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా పెడతారు. ఎండబోసిన కుప్ప మీద అకాల వాన పడితే గింజ మొలకెత్తుతుంది. మబ్బు పట్టిన ఆదివారం పొద్దున టార్పాలిన్ పట్టుకుని కేంద్రానికి పరుగెత్తే రైతు దేవుణ్ని మరచిపోయినట్టు కాదు.

విశ్రాంతి దినాన బావిలో పడిన ఎద్దును వెంటనే పైకి తీయరా అని యేసు అడిగాడు (లూకా 14:5). ఆ మాట విన్నవారు ధర్మశాస్త్రోపదేశకులు, పరిసయ్యులు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గం వారు). వారు జవాబు చెప్పలేకపోయారు. “విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను” అనే మాట (మార్కు 2:27) కూడా పొలం గట్టు మీద పుట్టిందే.

ఇంకో సంగతి ఎక్కువగా చెప్పరు. ఆదివారం పని మానాలని రాజశాసనం వచ్చింది క్రీ.శ. 321లో, రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలంలో. ఆ శాసనమే వ్యవసాయదారులకు మినహాయింపు ఇచ్చింది. అదును తప్పితే పంట పోతుందని చక్రవర్తికి తెలిసింది. మన పెద్దలకు తెలియకపోవడం వింత.

అలాగని ఆదివారం మామూలు రోజే అనుకోవద్దు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి ఆజ్ఞ చదవండి. నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి, నువ్వు ఐగుప్తులో దాసుడివని గుర్తు పెట్టుకో అని ఉంది. అంటే ఆ ఆజ్ఞ ముందుగా తగిలేది పని చేయించుకునే మనిషికి. ఇరవై ఎకరాల సంఘపెద్ద తన చేనులో ఆదివారం కూలీలను దింపి, అదే కూలీలు ఆరాధనకు రాలేదని సాయంత్రం మందలిస్తే ఆజ్ఞ మీరినవాడు ఎవరు? ఏరుడు రోజుల్లో ఆరాధనను శనివారం రాత్రికో ఆదివారం రాత్రి ఏడు గంటలకో మార్చుకుంటే పరలోకంలో ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ముంబయి వలస వెళ్లి వచ్చేసరికి మా పేరు సభ్యత్వం పుస్తకంలో కొట్టేశారు. ఇది న్యాయమేనా?

న్యాయం కాదు. పాలమూరు కూలీలు తరతరాలుగా ముంబయి, పుణె దారి పడుతున్నారు. ఏడాదిలో ఎనిమిది నెలలు అడ్డా మీద నిలబడి బతికే మనిషిని “ఆరాధనకు క్రమంగా రానివాడు” అని రాయడం, కరవును పాపంగా నమోదు చేయడమే. పేరు తిరిగి రాయించుకోండి. రాయకపోతే లిఖితపూర్వకంగా కారణం అడగండి.

నెలకు వచ్చే పింఛనులో కూడా దశమభాగం ఇవ్వాలని అంటున్నారు. ఇవ్వకపోతే శాపమా?

2019లో తెలంగాణలో వృద్ధాప్య, వితంతు పింఛను 2,016 రూపాయలకు పెరిగింది. దానిలో పదో వంతు 201 రూపాయల 60 పైసలు. బీపీ గోలీలకు, పప్పూ నూనెకు చాలని డబ్బులోంచి ఆ భాగం తీసి కవరులో పెట్టే అవ్వలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వారికి మలాకీ 3వ అధ్యాయం చదివి వినిపిస్తారు, “దేవుని యొద్ద దొంగిలిస్తున్నారు” అని.

అదే ధర్మశాస్త్రంలో ద్వితీయోపదేశకాండం 14:28-29 మాత్రం చదవరు. మూడేళ్లకొకసారి పదో వంతును ఊరి గవినిలో నిలవ చేయాలి. దాన్ని లేవీయులు (ఆలయ సేవ చేసేవారు), పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తి పొందాలి. ఆ లెక్కన విధవరాలు దశమభాగం పుచ్చుకునే మనిషి. ఆమె దగ్గర వసూలు చేయడమంటే ధర్మశాస్త్రాన్ని తలకిందులు చేయడం.

విధవరాలి రెండు కాసుల కథ చెబుతారు కదా? మార్కు 12లో ఆ కథకు ముందున్న వచనాలు చదవండి. విధవరాండ్ర ఇండ్లు దిగమింగుతూ మాయవేషంగా దీర్ఘప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి యేసు హెచ్చరించిన వెంటనే ఆ విధవరాలు వచ్చి తన జీవనమంతా పెట్టెలో వేస్తుంది. ఆమె ప్రేమను ఆయన మెచ్చాడు. ఆమెను ఆ స్థితికి తెచ్చిన పెట్టెను మెచ్చాడని అక్కడ ఎక్కడా లేదు.

సంతోషంగా ఇచ్చే అవ్వను ఆపమని చెప్పడం లేదు. పది రూపాయలు ఇచ్చినా ఆమె ఇష్టం, ఆమె గౌరవం. శాపం భయంతో తీసుకున్నది మాత్రం కానుక కాదు. “సణుగుకొనకయు బలవంతముగా కాకయు” ఇవ్వాలని పౌలే రాశాడు (2 కొరింథీ 9:7).

బొట్టు, గాజులు, పుస్తెలతాడు తీసేస్తేనే బాప్తిస్మం అంటున్నారు.

1 పేతురు 3:3 ఆధారంగా చెబుతారు. ఆ వచనంలో జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడంతో పాటు వస్త్రాలు ధరించుకోవడం కూడా ఉంది. అక్షరాలా నిషేధమే అయితే మూడోదాని సంగతేమిటో నియమం పెట్టినవారే చెప్పాలి! అలంకారం పైపైది కాకూడదు, సాధువైన మనసు ముఖ్యం అన్నదే అక్కడి మాట.

తీసేయాలని తన మనసుకు తోచిన స్త్రీ తీసేయవచ్చు. ఎందరో అలా తీసేసి సంతోషంగా ఉన్నారు. కానీ అత్తగారింట్లో తానొక్కతే విశ్వాసి అయిన కోడలు మెడలో తాడు లేకుండా ఇంటికి వెళ్తే జరిగేదేమిటో పాస్టరుగారికి తెలియనిది కాదు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండవలసింది ఆమె, ఆయన కాదు. ఒక పని చేయండి. మీ సంఘంలో “చేయకూడనివి” అన్నీ ఒక కాగితం మీద రాసి, వాటిలో ఆడవారికి ఎన్ని, మగవారికి ఎన్ని అని లెక్కపెట్టండి. మగవారి ఉంగరం మీద, వాచీ మీద, కొత్త బండి మీద ఎన్ని నియమాలున్నాయో అందులోనే తేలిపోతుంది.

బతుకమ్మ ఆడవచ్చా? పక్కింటివారు ఇచ్చిన ప్రసాదం తినవచ్చా?

విశ్వాసుల్లో దీని మీద నిజమైన భేదం ఉంది. దాన్ని ఒక్క జవాబుతో తుడిచేయలేం. పౌలు 1 కొరింథీ 8, 10 అధ్యాయాల్లో రెండు వైపులా మాట్లాడాడు. విగ్రహారాధన బల్లలో పాలు పొందవద్దన్నాడు. అంగట్లో అమ్మేది, భోజనానికి పిలిచినవారు వడ్డించేది మాత్రం ప్రశ్నలు వేయకుండా తినమన్నాడు. ఎవరైనా ఇది బలి అర్పించినదని చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. కొలత ఎక్కడుందో చూడండి: ఎదుటి మనిషి మనస్సాక్షిలో. తినేవాడు తిననివాణ్ని తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు (రోమా 14:3).

సిరియా సైన్యాధిపతి నయమాను కథ (2 రాజులు 5) మన కోడళ్లకు బాగా పనికొస్తుంది. స్వస్థత పొందాక అతడు ఎలీషాను ఒకటి అడిగాడు. నా యజమాని రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, ఆ ఒక్క విషయంలో యెహోవా నన్ను క్షమిస్తాడా? ఎలీషా ధర్మశాస్త్రం విప్పలేదు. నెమ్మది కలిగి వెళ్లమన్నాడు. కొత్తగా నమ్మిన మనిషి ఏ ఇంటికి తిరిగి వెళ్తున్నాడో ప్రవక్తకు తెలుసు.

నా మట్టుకు, ఇంటి ముందు తంగేడు పూలు కోసి ఇచ్చినంత మాత్రాన పక్కింటి అమ్మాయికి సువార్త అడ్డం రాదు. ముఖం తిప్పుకుంటే వస్తుంది.

అప్పులతో ప్రాణం తీసుకున్న రైతుకు భూస్థాపన ప్రార్థన చేయబోమన్నారు. ఆయన నరకానికే వెళ్లాడా?

ఈ ప్రశ్న అడిగే ఇంటికి ముందు వెళ్లి కూర్చోవాలి. జవాబు ఆ తరువాత.

ప్రార్థన నిరాకరించేవారు, యేసును అప్పగించి ఆ తరువాత ఉరిపెట్టుకున్న ఇస్కరియోతు యూదాను చూపిస్తారు. సౌలు రాజును ఎందుకు చూపరు? గిల్బోవ యుద్ధంలో సౌలు తన కత్తి మీద తానే పడ్డాడు. ఫిలిష్తీయులు అతని మొండాన్ని బేత్షాను గోడకు తగిలించారు. యాబేష్గిలాదువారు రాత్రంతా నడిచి వెళ్లి, ఆ దేహాన్ని దించి తెచ్చి, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు (1 సమూయేలు 31). దావీదు ఆ సంగతి విని, సౌలుకు ఉపకారం చేసి పాతిపెట్టినందుకు యెహోవా మిమ్మల్ని ఆశీర్వదించును గాక అని కబురు పంపాడు (2 సమూయేలు 2:5). సౌలు దావీదును చంపడానికి తిరిగినవాడు. అయినా సమాధి చేసినవారిని దావీదు దీవించాడు. మన రైతు ఎవరినీ తరమలేదు. బోర్లు వేసి నీళ్లు పడక, మిత్తి పెరిగి, మందుల దుకాణంలో అప్పు తీరక నలిగిపోయినవాడు.

కథోలిక సంఘం 1917 నాటి ధర్మశాసనంలో ఇలాంటివారికి సంఘ సమాధిని నిరాకరించింది. 1983లో వచ్చిన కొత్త శాసనంలో ఆ మాట తీసేసింది. మన దేశ చట్టమూ మారింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకూడదనీ అంటోంది. పార్లమెంటు చూపినంత కనికరమైనా సంఘం చూపలేదంటే తలదించుకోవలసిన మాట.

ఇక నరకం సంగతి. ఆ తీర్పు మన చేతిలో పెట్టలేదు. ఆ చివరి గంటలో ఆ మనిషి మనసులో ఏం జరిగిందో పాస్టరుగారికీ తెలియదు, నాకూ తెలియదు. తెలిసిందల్లా, మిగిలిన భార్యా పిల్లలు రేపటి నుంచి ఊళ్లో ఎలా నడవాలన్నది. ప్రార్థన నిరాకరిస్తే ఆ శిక్ష పడేది చనిపోయినవాడి మీద కాదు, వారి మీద.

బతికున్నవారి కోసం ఒక మాట. ఏలీయా చావు కోరుకుని బదరీ వృక్షం కింద పడుకున్నప్పుడు దూత ముందు రొట్టె పెట్టాడు, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19). మందలింపు లేదు. మీ సంఘంలో ఎవరైనా “ఇక బతికి లాభం లేదు” అంటే వాక్యం చెప్పే ముందు పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళ ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు.

బల్ల (ప్రభు రాత్రి భోజనం) నుంచి ఆపారు. కారణం పెద్దలతో మాట తేడా వచ్చింది. అది వాక్యానుసారమేనా?

“అయోగ్యముగా” తింటే శిక్షావిధి అన్న 1 కొరింథీ 11వ అధ్యాయాన్ని పైనుంచి చదవండి. కొరింథులో తప్పేమిటి? ఉన్నవారు ముందే తినేస్తున్నారు. ఒకడు ఆకలిగొంటున్నాడు, మరొకడు మత్తుడవుతున్నాడు. పేదలను సిగ్గుపరుస్తున్నారు. అయోగ్యత అంటే అక్కడ అది. పేదవాణ్ని బల్ల దగ్గర సిగ్గుపరచడానికి అదే వచనాన్ని వాడుకుంటున్నామంటే పౌలుకు ఏమని చెప్పుకోవాలి? “ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను” అని ఉంది. పెద్దలు పరీక్షించాలని లేదు. మొదటి బల్ల దగ్గర అప్పగించేవాడి చెయ్యి కూడా ఉందని లూకా 22:21 చెబుతోంది.

మా పిల్లకు కుదిరిన సంబంధం వేరే కులం విశ్వాసి. సంఘం ఒప్పుకోవడం లేదు.

అవిశ్వాసితో జోడుగా ఉండవద్దన్న వచనం ఇక్కడ పని చేయదు, ఇద్దరూ విశ్వాసులే కాబట్టి. అడ్డం వచ్చింది వాక్యం కాదు, కులం. యాకోబు 2వ అధ్యాయం పక్షపాతాన్ని పాపమనే అంటోంది. పెళ్లి చేయండి.

జోగినిగా ఉండి వచ్చిన స్త్రీ. సంఘం ముందు నిలబడి పాపాలు ఒప్పుకోవాలని పెద్దలు పట్టుబడుతున్నారు.

మహబూబ్‌నగర్, నారాయణపేట ప్రాంతాల వారికి ఈ ఆచారం గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆడపిల్లను ఊరే దేవతకు విడిచి, ఊరే వాడుకుని, ఊరే దూరం పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో దీన్ని నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. ఊహ తెలియని వయసులో ఆమెకు జరిగిందాన్ని ఆమె పాపమని మైకు ముందు చెప్పించాలా? ఒప్పుకోవలసినవారు ఆ సభలోనే వేరే ఉంటారు, తరచుగా ముందు వరుసలో.

లూకా 7లో పరిసయ్యుడైన సీమోను ఇంట్లో ఏడ్చిన స్త్రీని యేసు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్రశ్నలు సీమోనుకే వేశాడు: నీవు నా పాదాలకు నీళ్లియ్యలేదు, ముద్దు పెట్టుకోలేదు. ఇక యోసేపు సంగతి. మరియ గర్భవతి అని తెలిసినప్పుడు ఏం చేయాలనుకున్నాడో మత్తయి 1:19 చెబుతుంది. “నీతిమంతుడైయుండి ఆమెను అవమానపరచనొల్లక రహస్యముగా” విడనాడాలనుకున్నాడు. నీతిమంతుడు కాబట్టే నలుగురిలో అవమానపరచలేదు. మన పెద్దలు దీన్ని క్రిస్మస్ నాటకంలో ప్రతి ఏడూ చూస్తారు, జనవరికి మరచిపోతారు.

సాక్ష్యం చెప్పాలని ఆమెకే అనిపిస్తే ఆమె మాటల్లో, ఆమె చెప్పదలచినంతే చెబుతుంది. అప్పటిదాకా ఆమెకు కావలసింది పిల్లల బడి ఫీజు, రేషన్ కార్డు, పనిచూపే మనిషి.

ఏళ్ల తరబడి ప్రార్థించినా స్వస్థత రాలేదు. విశ్వాసం లేకనే అంటున్నారు.

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు నడుము వంగిపోయిన మనుషులను స్వస్థత కూటాలకు తీసుకెళ్లి, లేవకపోతే వారినే నిందించడం చూస్తుంటాం. ఇదీ ఒక ధర్మశాస్త్రమే, పైగా మోషేది కూడా కాదు.

కారణం నీళ్లలో ఉంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఇక్కడి గ్రానైట్ రాళ్ల పొరల్లోంచి వచ్చే బోరు నీటిలో అది అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్ల తరబడి తాగితే పళ్లు పచ్చబడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది. ఒకసారి ఎముక వంగాక తిరిగి సరి కాదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి “నల్లగొండ పద్ధతి” అనే పేరే స్థిరపడింది. మన జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలిసింది.

పద్దెనిమిదేళ్లు నడుము వంగి, ఎంత మాత్రం నిటారుగా నిలబడలేని స్త్రీని యేసు విశ్రాంతి దినాన సమాజమందిరంలో చూశాడు (లూకా 13:10-17). ఆమె అడగలేదు. ఆయనే పిలిచాడు. నీకు విశ్వాసముందా అని పరీక్ష పెట్టలేదు. బాగుచేశాక కోపపడింది సమాజమందిరపు అధికారి: పని చేయడానికి ఆరు దినాలున్నాయి, ఆ రోజుల్లో రండి అన్నాడు. ఆ కోపం కూడా యేసు మీద చూపలేక జనం మీద చూపాడు. యేసు ఆమెను “అబ్రాహాము కుమార్తె” అన్నాడు, మీరు ఎద్దునైనా గాడిదనైనా ఆ రోజు నీళ్లకు తోలుకుపోరా అని అడిగాడు. నీళ్లకు తోలుకుపోవడం! మర్రిగూడలో ఆ వాక్యం చదివితే వేరేగా వినిపిస్తుంది.

వంగిన మనిషికి సంఘం చేయగలిగింది చాలా ఉంది. వారికి కృష్ణా నీళ్లు రోజూ అందుతున్నాయో లేదో చూడటం, దివ్యాంగుల ధ్రువపత్రం కోసం వెంట వెళ్లడం, మందిరంలో కింద కూర్చోలేనివారికి కుర్చీ వేయడం. కుర్చీల విషయంలో కూడా కొన్ని చోట్ల నియమం ఉంది, పెద్దలకు మాత్రమేనని.

కొట్టే భర్తను క్షమించి తిరిగి వెళ్లడమే కనికరమా?

కాదు. దెబ్బలు తినే మనిషి మీద ఇంకొక బరువు పెట్టడాన్ని కనికరం అనరు. ముందు ఆమె ప్రాణం, పిల్లల ప్రాణం. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయండి, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి తోడు వెళ్లండి. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కునూ, రక్షణ ఉత్తర్వునూ ఇస్తుంది. క్షమాపణ సంగతి ఆమెకూ దేవునికీ మధ్య, ఆమెకు కుదిరినప్పుడు. లోబడమన్న వచనం చదివేవారు, భర్త సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్న క్రీస్తులా ప్రేమించాలన్న పక్క వచనం ఆ భర్తకు ఎన్నిసార్లు చదివారో చెప్పాలి.

అలాగైతే సంఘ సొమ్ము తిన్న పెద్దనూ కనికరంతో వదిలేయాలా?

ఈ ఉపాయం పాతదే. నియమం పేదలకు, కనికరం పెద్దలకు. వాక్యం దీనికి నేరుగా ఎదురు చెబుతుంది: పాపం చేసిన పెద్దలను అందరి ఎదుట గద్దించాలి (1 తిమోతి 5:20). మామూలు విశ్వాసి తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి (మత్తయి 18:15). మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం.

సుంకరి జక్కయ్య, యేసు తన ఇంటికి వచ్చాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. కనికరం ముందు వచ్చింది, లెక్క తరువాత వచ్చింది, కానీ వచ్చింది. లెక్కలు చూపించి, తిన్నది కట్టి, పదవి వదిలిన మనిషిని ఆ తరువాత పక్కన కూర్చోబెట్టుకోవాలి. కొరింథులో శిక్ష పొందినవాడి గురించి పౌలు తరువాతి పత్రికలో రాసింది అదే: ఇక చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే అధిక దుఃఖంలో మునిగిపోతాడు (2 కొరింథీ 2:6-7).

ఈ నియమాలు మిషనరీల కాలం నుంచి ఉన్నవి కదా?

కొన్ని ఉన్నాయి. నల్లగొండకు 1890 ప్రాంతంలో అబ్రాహాము ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చాడు. ఆయన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘీయుడు, అమెరికన్ బాప్టిస్టుల కింద పనిచేశాడు. ఆ సంఘం 1860లో దక్షిణ రష్యాలో, విశ్వాసుల జీవితం శుద్ధంగా ఉండాలన్న పట్టుదల నుంచే పుట్టింది. ఆ పట్టుదల వారితో పాటు ఇక్కడికీ వచ్చింది. కల్లు మానాలని పెట్టిన నియమం వెనుక, సాయంత్రం కూలి డబ్బు ఇంటికి చేరని ఆడవారి ఏడుపు ఉంది. అలాంటి నియమం బరువు దించింది, పెంచలేదు.

ఆ మిషన్లే జడ్చర్లలో ఆసుపత్రి కట్టాయి. ఉత్తరాన మెదక్‌లో కరవు కాలంలో చార్లెస్ పాస్నెట్ జనానికి పనీ కూడూ ఇస్తూ కట్టించిన మందిరం 1924లో పూర్తయింది. మిషనరీల నియమాల్ని దాచుకుని ఆసుపత్రినీ అన్నాన్నీ మరచిపోవడం మన ఎంపిక, వారిది కాదు.

మమ్మల్ని తప్పు పట్టేవారిని “పరిసయ్యులు” అనవచ్చా?

అనకండి. మొదటిది, అది తిట్టుగా వాడితే మీరూ అదే తీర్పు పీఠం ఎక్కినట్టు. రెండోది, చరిత్రకు అన్యాయం. ప్రాణం నిలపడానికి విశ్రాంతి దినాన్ని మీరవచ్చని యూదు బోధకులే నేర్పారు. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక, ఇక పాపాలకు ప్రాయశ్చిత్తం ఎక్కడ అని శిష్యుడు ఏడిస్తే, రబ్బీ యోహానాన్ బెన్ జక్కై ఓదార్చిన మాట హోషేయ 6:6నే. దయాకార్యాలే మనకు మిగిలిన ప్రాయశ్చిత్తం అన్నాడు. పరిసయ్యుల పరంపరలోని మనిషి ఆయన.

మా సంఘంలో ఇవన్నీ మాట్లాడితే “వెనుకబడిపోయిన విశ్వాసి” అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రసంగంతో మొదలుపెట్టవద్దు. కమిటీ మీటింగులో ఒక్కటి అడగండి: గత అయిదేళ్లలో బల్ల నుంచి ఆపినవారి పేర్లు, సభ్యత్వం కొట్టేసినవారి పేర్లు, సమాధి ప్రార్థన నిరాకరించిన ఇళ్ల పేర్లు ఒకసారి చదవండి అని. పేరు పక్కన కారణం కూడా చదవమనండి. ఎకరాలున్నవారు అందులో ఎందరో, కూలీలు ఎందరో, ఆడవారు ఎందరో వినేవారికే తెలిసిపోతుంది, మీరు వాదించనక్కరలేదు.

తరువాత ఆ ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లండి. పగలు కూలికి పోతారు కాబట్టి పొద్దుగూకాక వెళ్లండి. సంఘానికి ఎందుకు రావడం లేదని అడగవద్దు. పెట్టిన టీ తాగండి, చెప్పింది వినండి. దశమభాగం కవరు మాత్రం వెంట తీసుకెళ్లకండి.